తాపీ పెట్టని గచ్చు

ఇందులో ఇసుక వెయ్యొద్దట.
రెసీఫె నగరంలో, తెజిపియో ఏటికి నాలుగు వీధుల ఇవతల,
మా సబ్బు సందులో
కంకర, సిమెంటు, కొలిచి పోసిన కాసిని నీళ్లు. అంతే.
ఇంజనీరు తైనారా గుప్పెడు తీసుకుని ఉండ కట్టింది.
విడిపోతే నీళ్లు తక్కువ,
వేళ్ల సందుల్లోంచి కారితే ఎక్కువ,
నిలిచి, తడి రేకులా మెరిస్తే సరి.
"పల్లీ ఉండ" అంది గుమ్మంలోంచి దోన జెనిల్దా.
ముప్పయ్యేళ్లుగా అవే అమ్ముతోంది.
"నా పాకమే నయం, పళ్లకైనా పని చెబుతుంది."

ఎవరాల్దు మేస్త్రి నవ్వలేదు.
నలభై రెండేళ్ల చెయ్యి అది.
ఆయన తాపీ తిప్పిన గచ్చు మీద గోలీ వదిలితే
ఎటు దొర్లాలో తెలీక అక్కడే నిలబడేది.
ఆస్పత్రి వసారా, బ్యాంకు మెట్లు, చేపల బజారు
ఊళ్లో సగం నీళ్లని పక్కవాడి ఇంట్లోకి తోలింది ఆ నునుపే.
అలాంటి మనిషితో
"తాపీ ముట్టొద్దు మేస్త్రీ, రాస్తే రంధ్రాలు పూడిపోతాయి,
రోలరు దొర్లించి వదిలెయ్యండి" అంది ఆ పిల్ల.
"మూతి కడగకుండా పిల్లాణ్ణి బడికి పంపినట్టు"
అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు.

రోలరు లాగింది నేనే.
అటొకసారి, ఇటొకసారి,
వెనకాలే పట్టా కప్పుకుంటూ.
ఏడు రోజులు ఎవరూ తొక్కకూడదు.
కుక్కలకి ఆ సంగతి ఎవరు చెబుతారు?

జెనిల్దా గోడ మీద సుద్ద గీతలున్నాయి.
మోకాలి దగ్గర ఒక జూన్, నడుం దగ్గర ఒక మే.
ఆ పైది ఆమె చూపించదు, క్యాలెండరు తగిలించింది.
ఫ్రిజ్జు ఏడాది పొడుగునా నాలుగు ఇటుకల మీదే,
ఎత్తుమడమల చెప్పులేసుకుని
ఎక్కడికీ వెళ్లని మనిషిలా.

ఎనిమిదో రోజు పట్టా తీశాం.
ఆమె గడప ముందు, చాపంత మేర,
గచ్చు అద్దంలా ఉంది.
పరిచిన సాయంత్రం మేమంతా లారీ ఎక్కాక
వెనక్కి వచ్చాడన్నమాట.
తైనారా చూసింది. నేనూ చూశాను.
మేస్త్రి ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు.

వాన మంగళవారం వచ్చింది.
రేకుల మీద పిడికిళ్లతో గుద్దే వాన.
సందు తాగుతోంది.
నల్లబడిందే తప్ప నిలవనివ్వదు, పారనివ్వదు,
పడ్డ చుక్క పడ్డ చోటే దిగిపోతోంది.
కింద మోకాలి లోతు రాళ్లు, ఆ కింద మట్టి,
ఎవరి వాటా వాళ్లు పుచ్చుకుంటున్నారు.
చాపంత చోట మాత్రం చుక్క ఇంకలేదు.
అందులో కరెంటు స్తంభం, తెగిన గాలిపటం, జెనిల్దా మొహం
తలకిందులుగా, చక్కగా, కదలకుండా.

మేస్త్రి గొడుగు లేకుండా వచ్చి
దాని అంచున గొంతుక్కూర్చున్నాడు.
"బాగా కుదిరింది" అన్నాడు చాలాసేపటికి.
"కుదిరింది" అంది ఆమె.
అప్పుడు నన్ను ఉలీ సుత్తీ తెమ్మన్నాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేది.
ఆ జూన్‌లో ఏరు పొంగింది.
మా సందు వానని తాగగలదు గానీ ఏటిని తాగలేదు.
చీలమండ దాకా వచ్చిన నీళ్లు సాయంత్రానికి పోయాయి,
ఇదివరకైతే మూడు రోజుల చుట్టరికం.
జెనిల్దా కొత్త గీత గీసింది,
పడుకున్న పిల్లి వీపు ఎత్తున.
బురద మాత్రం రంధ్రాల్లో మిగిలింది.

అందుకని ఆదివారాలు ఆయన వస్తాడు.
ఎవరూ కూలి ఇవ్వరు.
అద్దె పంపు, పొడుగాటి చీపురు,
బాదం ఆకులు, సిగరెట్ పీకలు, పల్లీ పొట్టు.
పొట్టు గురించి ప్రతివారం జెనిల్దాతో తగువు.
శుభ్రం చేసిన చోట చెంబెడు నీళ్లు పోసి
వంగి, చెవి ఒగ్గి,
తాపీగా కూర్చుంటాడు.
ఏం వినిపిస్తోందని అడిగితే
వేలెత్తి
ఉండమంటాడు.